స్నేహితులతో అక్టోబర్‌ఫెస్ట్, బవేరియా ఊళ్ళు: విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఆగస్టులో జర్మనీ అడ్మిషన్ వచ్చిన జూనియర్లు ఫోన్ చేస్తారు. మొదటి ప్రశ్న బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల బ్యాంకు ఖాతా) గురించి, రెండోది రూము గురించి. మూడోది గొంతు తగ్గించి అడుగుతారు: "అన్నా, అక్టోబర్‌ఫెస్ట్‌కి ఎలా వెళ్ళాలి?" అది దక్షిణ జర్మనీలోని బవేరియా రాష్ట్ర రాజధాని మ్యూనిక్‌లో ఏటా జరిగే పెద్ద బీరు పండగ. తూర్పు జర్మనీలోని కెమ్నిట్జ్‌లో చదువుకునే మేం ఐదుగురం 2025 సెప్టెంబరులో ఐదు రోజులు తిరిగొచ్చాం. ముగ్గురు అబ్బాయిలం, ఇద్దరు అమ్మాయిలు. మాలో ఒకరు శాకాహారి, ఒకరు మందు వాసన కూడా పడని మనిషి. కాబట్టి దాదాపు అన్ని రకాల ఇబ్బందులూ మాకు ఎదురయ్యాయి. ఒకే జవాబు వందసార్లు చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

అక్టోబర్‌ఫెస్ట్ అని పేరు పెట్టి సెప్టెంబరులో చేస్తారేంటి?

మొదట్లో అక్టోబరులోనే చేశారు. 1810 అక్టోబరు 12న బవేరియా యువరాజు లుడ్విగ్‌కీ, థెరేసె అనే రాకుమారికీ పెళ్ళయింది. ఆ సంబరాల్లో భాగంగా ఊరి బయటి మైదానంలో గుర్రప్పందాలు పెట్టారు. జనానికి నచ్చి ఏటా చేయడం మొదలైంది. బీరు తర్వాత వచ్చి చేరింది, గుర్రప్పందాలు పోయాయి. అక్టోబరులో మ్యూనిక్ చలి కాబట్టి పండగను ముందుకు జరిపారు. ఇప్పుడు సెప్టెంబరు 15 తర్వాత వచ్చే శనివారం మొదలై, అక్టోబరు మొదటి వారంలో ముగుస్తుంది. 2026లో సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 4 వరకు.

ఆ మైదానం పేరు థెరేసియెన్‌వీజె, అంటే థెరేసె గారి పచ్చిక. మ్యూనిక్ వాళ్ళెవరూ అక్టోబర్‌ఫెస్ట్ అనరు, 'వీజ్న్' అంటారు. ఇంకో నెలకు శీతాకాలం సెమిస్టర్ క్లాసులు మొదలవుతాయి, పరీక్షలు అయిపోయి ఉంటాయి. విద్యార్థి క్యాలెండరుకు ఇంతకంటే బాగా కలిసొచ్చే పండగ లేదు.

అదంతా తాగుడే కదా? చూడ్డానికి ఇంకేం ఉంటుంది?

నేనూ వెళ్ళేదాకా అలాగే అనుకున్నాను. గేటు దాటగానే మా వరంగల్ అమ్మాయి అన్న మాట: "అరే, ఇది మన నుమాయిష్ కదా!" నాంపల్లి ఎగ్జిబిషన్ చూసినవాళ్ళకు వీజ్న్ సగం తెలిసినట్టే. రంగుల రాట్నాలు, జెయింట్ వీల్, పీచు మిఠాయి, తప్పిపోయిన పిల్లల గురించి మైకులో ప్రకటనలు, చెక్క గోడల బావిలో మోటారు సైకిళ్ళు తిప్పే మృత్యుకూపం కూడా ఉంది. తేడా ఏమిటంటే, మిర్చి బజ్జీ బండ్లు ఉండాల్సిన చోట ఒక్కొక్కటి కొన్ని వేల మంది పట్టే బీరు టెంట్లు ఉంటాయి.

మీరు బీరు మానేసినా 'టాయ్‌ఫెల్స్‌రాడ్' మాత్రం మానకండి. ఆ మాటకు దయ్యపు చక్రం అని అర్థం. 1910 నుంచి ఉంది. గుండ్రటి చెక్క పళ్ళెం మీద ఇరవై ముప్ఫై మందిని కూర్చోబెట్టి గిర్రున తిప్పుతారు. ఒక్కొక్కరే జారిపోతూ ఉంటే, గట్టిగా పట్టుకుని మిగిలినవాళ్ళ మీదకు పైనుంచి వేలాడదీసిన బంతి విసురుతారు, తాళ్ళు వేసి లాగుతారు. మైకు పట్టుకున్నాయన పక్కా బవేరియన్ యాసలో ఎగతాళి చేస్తుంటాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా కడుపు నొప్పి పుట్టేలా నవ్వాం. ఎక్కడం కంటే చుట్టూ కూర్చుని చూడ్డమే ఎక్కువ సరదా. మా నెల్లూరు వాడు ఎక్కి నాలుగు సెకన్లలో గోడకు చేరాడు.

ఇంకోవైపు 'ఓయ్‌డె వీజ్న్' అని పాత పండగను తలపించే భాగం ఉంది, కానీ ప్రతి ఏడూ పెట్టరు. దానికి చిన్న ఎంట్రీ టికెట్, 2025లో నాలుగు యూరోలు. పాతకాలపు రాట్నాలు, జానపద నాట్యాలు, రద్దీ తక్కువ. అమ్మానాన్నలు జర్మనీ చూడ్డానికి వస్తే నేను తీసుకెళ్ళేది అక్కడికే.

ఎంట్రీ టికెట్ ఎంత? టేబుల్ బుక్ చేసుకోకపోతే లోపలికి రానివ్వరా?

ఓయ్‌డె వీజ్న్ భాగం తప్ప మైదానానికీ, టెంట్లకూ ప్రవేశం ఉచితం. ఎవరైనా ఎంట్రీ టికెట్ అమ్ముతున్నారంటే అది మోసం. టేబుల్ రిజర్వేషన్ టెంటు వాళ్ళే ఇస్తారు, సాధారణంగా ఎనిమిది పది మందికి కలిపి. టేబుల్‌కు విడిగా డబ్బు ఉండదు కానీ, తలకు రెండు లీటర్ల బీరు, సగం కోడి లెక్కన కూపన్లు ముందే కొనాలి. అంటే ఐదుగురు విద్యార్థులకు అనవసరమైన తలనొప్పి. ప్రతి టెంటులో కొంత భాగం రిజర్వేషన్ లేనివాళ్ళకు వదలాలన్న నిబంధన ఉంది. త్వరగా వెళ్తే సీటు దొరుకుతుంది.

ఏ రోజు, ఎన్నింటికి వెళ్ళాలి?

సోమవారం నుంచి గురువారం మధ్యలో, ఉదయం పది గంటలకు. శని, ఆదివారాలు అసలు వద్దు. ముఖ్యంగా నడి వారాంతం, అప్పుడు ఇటలీ నుంచి బస్సులకు బస్సులు దిగుతాయి. టెంట్లు నిండిపోతే తలుపులు మూసేస్తారు, బయట వానలో నిలబడాలి. అక్టోబరు 3 జర్మనీకి జాతీయ సెలవు, ఆ రోజూ అంతే.

మేం మొదటి వారం మంగళవారం వెళ్ళాం. మంగళవారాలు కుటుంబాల రోజు, రాట్నాల మీద తగ్గింపు ఉంటుంది. పదింపావుకు టెంటులో అడుగు పెడితే మాకు కావాల్సిన టేబుల్ ఎంచుకునేంత ఖాళీ. మధ్యాహ్నం రెండింటికి పక్క టేబుల్‌కు పదిమంది చేరారు, ఆరింటికి బల్లల మీద నిలబడి పాడుతున్నారు. మేం ఆ టైముకు బయట పడ్డాం. టెంటులో ఐదారు గంటలు చాలు. బీరు పోయడం రాత్రి పదిన్నరకు ఆపేస్తారు, పదకొండున్నరకు టెంటు మూసేస్తారు, ఆఖరి రైళ్ళలో నిలబడే చోటు ఉండదు.

మొదటి శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి మ్యూనిక్ మేయర్ షాటెన్‌హామెల్ టెంటులో మొదటి పీపాకు సుత్తితో కుళాయి కొట్టి "ఓ'ట్సాప్ఫ్ట్ ఈస్" అని అరుస్తారు. కుళాయి దిగిందని అర్థం. 1950 నుంచి వస్తున్న ఆచారం. అది కొట్టేదాకా ఎవరికీ బీరు పోయరు. మేయర్ ఎన్ని దెబ్బల్లో కొడతారా అని ఊరంతా లెక్కపెడుతుంది, రెండు దెబ్బలంటే గొప్ప. ఇది టీవీలో చూడండి, హాయిగా ఉంటుంది. టెంటులో చూడాలంటే తెల్లవారుజామునుంచే లైను.

ఏ టెంటుకు వెళ్ళాలి?

వీజ్న్‌లో మ్యూనిక్‌కు చెందిన ఆరు బ్రూవరీల బీరే అమ్ముతారు: అగుస్టీనర్, హాకర్-ప్షోర్, హోఫ్‌బ్రాయ్, లోవెన్‌బ్రాయ్, పౌలానర్, ష్పాటెన్. పెద్ద టెంట్లు పద్నాలుగు, చిన్నవి ఇంకా ఉన్నాయి.

హోఫ్‌బ్రాయ్ టెంటులో విదేశీయులే ఎక్కువ, గోల కూడా ఎక్కువ, నిలబడి తాగే చోటు కూడా ఉంది. అగుస్టీనర్‌లో ఇప్పటికీ చెక్క పీపాల నుంచి పోస్తారు, ఊరివాళ్ళు ఇష్టపడేది అది. హాకర్ టెంటు కప్పంతా నీలాకాశం, తెల్ల మబ్బులు గీసి ఉంటుంది. లోవెన్‌బ్రాయ్ గుమ్మం మీద బొమ్మ సింహం ఉండుండి గర్జిస్తుంది. షాటెన్‌హామెల్ కుర్రకారు టెంటు. 1896లో ఐన్‌స్టీన్ అక్కడ బల్బులు బిగించాడని చెప్పుకుంటారు, వాళ్ళ కుటుంబానిది కరెంటు వ్యాపారం మరి. ఎంటెక్ చదివి నాలుగు నెలలుగా ఇంటర్న్‌షిప్ వెతుకుతున్న మా వాడికి ఈ కథ విని ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

మేం అగుస్టీనర్‌కు వెళ్ళాం. మళ్ళీ వెళ్ళినా అక్కడికే.

ఎంత ఖర్చవుతుంది? నిజం చెప్పండి.

ఇక్కడ బీరు గ్లాసు అంటే 'మాస్', నిండా ఒక లీటరు. అంతకంటే చిన్నది పెద్ద టెంట్లలో ఆశించకండి. 2025లో మాస్ ధర 14.50 నుంచి 15.80 యూరోల మధ్య ఉంది, ఏటా పెరుగుతుంది. ఇచ్చినప్పుడే డబ్బు కట్టాలి, పదహారో పదిహేడో ఇచ్చి చిల్లర ఉంచుకోమంటే మర్యాద. ఒక్కో నిండు మాస్ రెండు కిలోలు పైనే తూగుతుంది. బీరు అందించే ఆడవాళ్ళు పదేసి మోసుకొస్తుంటే చూస్తే టిప్పు ఇవ్వడానికి చేయి వెనకాడదు. నోట్లు దగ్గర పెట్టుకోండి. కార్డు అన్నిచోట్లా నడవదు, మైదానంలోని ఏటీఎంల దగ్గర బారెడు లైను.

చదువుకోవడానికి వచ్చినవాళ్ళ బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు చేతికొచ్చేది 992 యూరోలు. అందులో అద్దె, ఇన్సూరెన్స్ పోగా మిగిలేది మీకు తెలుసు. కాబట్టి మేం ముందే ఒప్పందం పెట్టుకున్నాం: వీజ్న్‌లో ఒక్క రోజు, మనిషికి యాభై యూరోలు, కవర్లో పెట్టి. కవరు ఖాళీ అయితే ఆట ముగిసినట్టే. మొత్తం ఐదు రోజులకు తిండి, బస, అన్నీ కలిపి తలా రెండు వందల యూరోలు దాటింది. ఎక్కువ పోయింది బసకే.

బీరు బలంగా ఉంటుందా? ఎన్ని తాగొచ్చు?

ఈ పండగ కోసం విడిగా కాచే బీరు, ఆల్కహాల్ ఆరు శాతం దగ్గర ఉంటుంది. చల్లగా, తియ్యగా జారిపోతుంది, తెలీదు. ఒక మాస్ అంటే మన దగ్గరి పెద్ద సీసా ఒకటిన్నర అని గుర్తుపెట్టుకోండి. ఖాళీ కడుపున అసలు వద్దు. మైదానం అంచున ఉన్న బవేరియా అనే పెద్ద కంచు విగ్రహం కింద గడ్డి గుట్ట మీద మధ్యాహ్నం నుంచే మనుషులు పడి ఉంటారు. ఇక్కడివాళ్ళు వాళ్ళను 'బీర్‌లైషె' అంటారు, బీరు శవాలు అని. అందులో మీ ఫొటో ఉండకూడదనుకుంటే రెండు దగ్గర ఆగండి. నేను ఒకటిన్నర దగ్గర ఆగాను, మిగతా సగం మా నెల్లూరు వాడు పూర్తి చేశాడు. దయ్యపు చక్రం ఎక్కింది ఆ తర్వాతే.

జర్మనీలో బీరుకు చట్టం చెప్పే వయసు 16, ఘాటు మందులకు 18. మన రెండు రాష్ట్రాల్లో 21 అని గుర్తున్నవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. ఇంకో విషయం, తిరిగి వెళ్ళేటప్పుడు అద్దె ఈ-స్కూటర్ ఎక్కకండి. చట్టం దృష్టిలో అది మోటారు వాహనం, కారు నడిపేవాళ్ళకున్న ఆల్కహాల్ పరిమితే దానికీ. 21 ఏళ్ళలోపు వాళ్ళకైతే అసలు సున్నా.

నేను తాగను. వెళ్తే పిచ్చివాడిలా కూర్చోవాలా?

మాలో తాగని మనిషి అందరికంటే ఎక్కువ ఆనందించింది, మరుసటి రోజు కూడా ఆమెకే అన్నీ గుర్తున్నాయి. ఆపిల్ రసంలో సోడా కలిపిన ఆప్ఫెల్‌షోర్లె, కోలాలో నారింజ కలిపిన ష్పేట్సీ, ఆల్కహాల్ లేని బీరు, అన్నీ దొరుకుతాయి. చవకేమీ కాదు, 2025లో మామూలు డ్రింకులకే లీటరు లెక్కన పది నుంచి పదమూడు యూరోలు, నీళ్ళతో సహా. బ్యాండు ఉండుండి ఒక చిన్న పాట ఎత్తుకుంటుంది, అప్పుడు అందరూ గ్లాసులు పైకెత్తాలి. మీ గ్లాసులో ఏముందో ఎవరూ చూడరు. "ప్రోస్ట్", అంటే చీర్స్, అన్నప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి, దాన్నే చూస్తారు.

శాకాహారులు, బీఫ్ తిననివాళ్ళు ఏం తినాలి?

దీనికి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. 'రిండ్' అంటే గొడ్డు, 'కాల్బ్' అంటే దూడ, 'ష్వైన్' అంటే పంది. ఈ మూడు మాటలు నేర్చుకుంటే మెనూ సగం చదివినట్టే. తెల్లటి వైస్‌వుర్స్ట్ సాసేజ్‌లో దూడ మాంసం, పంది కొవ్వు ఉంటాయి. పేరులో కేసె, అంటే చీజ్, ఉంది కదా అని లేబర్‌కేసె ఆర్డరు చేయకండి. అందులో చీజ్ ఉండదు, గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి రుబ్బి కాల్చిన రొట్టె లాంటిది. గులాష్ సాధారణంగా గొడ్డుదే. అన్నిటికంటే దొంగది ప్ఫాన్‌కూఖెన్‌సుప్పె: గిన్నెలో సన్నగా తరిగిన అట్టు ముక్కలు తేలుతుంటాయి, పాపం శాకాహారంలాగే ఉంటుంది, కానీ ఆ చారు గొడ్డు ఎముకలది. మా శాకాహారి చెంచా ఎత్తాక వెయిట్రెస్‌ను అడిగింది, నోట్లో పెట్టకముందే జవాబు వచ్చింది, అదృష్టం.

మాంసం తినేవాళ్ళకు 'హెండిల్' భేషుగ్గా ఉంటుంది. ఊచకు గుచ్చి కాల్చిన సగం కోడి, చర్మం కరకరలాడుతూ, ఉప్పగా. కారం ఉండదు. మా గుంటూరు వాడు జేబులోంచి పచ్చళ్ళ కారప్పొడి పొట్లం తీశాడు, ఎదురుగా కూర్చున్న జర్మన్ తాత అడిగి మరీ చల్లించుకున్నాడు. తర్వాత ఆయన రెండు గుటకల్లో మాస్ సగం ఖాళీ చేశాడు.

శాకాహారులకు: కేసెష్పేట్స్‌లె, అంటే చీజ్‌లో కలిపిన మెత్తటి పిండి నూడుల్స్, పైన వేయించిన ఉల్లిపాయ. అరచేతికంటే పెద్ద బ్రెట్సెలు (ప్రెట్జెల్ రొట్టెలు), వాటితో నంజుకోవడానికి ఓబాట్స్డా అనే మెత్తటి చీజ్ ముద్ద. కైజర్‌ష్మార్న్ అని ముక్కలు చేసిన తీపి అట్టు, గుడ్డు ఉంటుంది. చక్కెర పాకంలో వేయించిన బాదం పప్పు వాసన మైదానమంతా పరుచుకుని ఉంటుంది, చిన్న పొట్లం కొనండి. ఇప్పుడు చాలా టెంట్లలో వీగన్ వంటకాలు కూడా పెడుతున్నారు.

మనం వండుకున్నది తీసుకెళ్ళి తినొచ్చా?

మ్యూనిక్ ఊళ్ళోని బీర్ గార్డెన్లలో తినొచ్చు, ఇది మనవాళ్ళకు తెలియని గొప్ప విషయం. రెండు వందల ఏళ్ళ పైబడిన బవేరియా సంప్రదాయం: తాగేది అక్కడ కొనాలి, తిండి ఇంటినుంచి తెచ్చుకోవచ్చు. గుడ్డ పరచని టేబుళ్ళ దగ్గరే కూర్చోవాలి, గుడ్డ ఉంటే అది సర్వీసు ఉన్న చోటు. ఇంగ్లిష్ గార్డెన్‌లో చైనీస్ టవర్ కింద, లేదంటే ఎనిమిది వేల సీట్ల హిర్ష్‌గార్టెన్‌లో చెస్ట్‌నట్ చెట్ల కింద కూర్చుని పులిహోర డబ్బా తెరవండి, ఎవరూ ఏమీ అనరు. హిర్ష్‌గార్టెన్‌లో కంచె అవతల జింకలు కూడా ఉంటాయి.

లెదర్ నిక్కరు వేసుకోవాలా? మనకు బాగుంటుందా?

వేసుకోకపోయినా ఎవరూ ఆపరు. వేసుకుంటే బాగుంటుంది, ఊరివాళ్ళకూ నచ్చుతుంది. కానీ నవ్వులాటకు అమ్మే పలుచటి కార్నివాల్ డ్రెస్సు మాత్రం వద్దు, దానికంటే జీన్స్, గళ్ళ చొక్కా నయం. లెదర్ నిక్కరు, అంటే లేడర్‌హోజె, సెకండ్ హ్యాండ్‌లో కొనండి, పాతబడే కొద్దీ బాగుంటుంది. అమ్మాయిల డ్రెస్సు డిర్న్‌డల్‌కు ముందు ఏప్రన్ ఉంటుంది, దాని ముడి ఎడమవైపు ఉంటే ఒంటరి, కుడివైపు ఉంటే జత ఉందని లెక్క. మా వరంగల్ అమ్మాయి పట్టు లంగా వోణీతో వచ్చింది. ఆ రోజు ఫొటోలు అడిగింది అందరూ ఆమెనే.

సాయంత్రానికి చలి పది డిగ్రీలకు దిగుతుంది, జాకెట్ తప్పనిసరి. బ్యాక్‌ప్యాక్ మాత్రం లోపలికి రానివ్వరు. మూడు లీటర్ల కంటే పెద్ద సంచి, గాజు సీసాలు గేటు దగ్గరే ఆపేస్తారు. గేట్ల దగ్గర డబ్బులు తీసుకుని సంచులు దాచే చోట్లు ఉన్నాయి, మేం ల్యాప్‌టాప్ బ్యాగుతో వెళ్ళి అక్కడ బుద్ధి తెచ్చుకున్నాం.

అమ్మాయిలు వెళ్ళొచ్చా? సేఫేనా?

పగలు కుటుంబాలతో నిండి ఉంటుంది, మా అమ్మాయిలకు ఏ ఇబ్బందీ కాలేదు. రాత్రి తాగినవాళ్ళ గుంపులో చేతులు వేసే వెధవలు అక్కడా ఉంటారు. మైదానంలో సర్వీసు సెంటర్ దగ్గర అమ్మాయిల కోసమే నడిపే సహాయ కేంద్రం ఉంది, ఫోన్ చార్జింగ్ అయిపోయినా, దారి తప్పినా, భయమేసినా నేరుగా వెళ్ళొచ్చు. పోలీసు 110, అంబులెన్స్ 112. నెట్‌వర్క్ మొరాయిస్తుంది కాబట్టి విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. మేం బవేరియా విగ్రహం కుడి కాలి దగ్గర అనుకున్నాం. పద్దెనిమిది మీటర్ల కంచు విగ్రహం, ఎంత తాగినా కనపడుతుంది.

మ్యూనిక్‌లో రూములు అంత ఖరీదా?

మామూలు రోజుల్లో ముప్ఫై నలభై యూరోలకు దొరికే హాస్టల్ మంచం ఆ పదహారు రోజులూ వంద దాటడం మామూలే. మేం జూన్‌లో మ్యూనిక్‌లో ఒక హాస్టల్ బుక్ చేస్తే, ఆగస్టులో "సిస్టమ్ పొరపాటు" అని రద్దు చేసి, అవే మంచాలు రెట్టింపు ధరకు మళ్ళీ పెట్టారు. డబ్బు వాపసు వచ్చింది, టెన్షన్ మాత్రం మిగిలింది. చివరికి ఆగ్స్‌బుర్గ్‌లో దిగాం. రీజనల్ రైల్లో ముప్పావు గంట. లాండ్స్‌హూట్, ఇంగోల్‌స్టాట్, రోజెన్‌హైమ్ కూడా అలాంటివే.

ఆగ్స్‌బుర్గ్‌లో ఫుగ్గెరై అని పేదలకు కట్టిన కాలనీ ఉంది. ఐదు వందల ఏళ్ళ నాటిది, ఇప్పటికీ జనం ఉంటున్నారు, ఏడాది అద్దె 88 సెంట్లు. నెలకు కాదు, ఏడాదికి! మా రూము అద్దె తలుచుకుని బోర్డు ముందు ఐదుగురం మౌనం పాటించాం.

ఏ టికెట్‌తో తిరగాలి?

మీ సెమిస్టర్ టికెట్ డాయ్‌చ్‌లాండ్ టికెట్ అయితే విడిగా ఏమీ కొనక్కర్లేదు, దేశమంతా రీజనల్ రైళ్ళు, మెట్రో, సిటీ బస్సులు ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రయాణ రైళ్ళు కుదరవు. విద్యార్థి టికెట్ లేనివాళ్ళకు అదే టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు, చందా పద్ధతి, ఆపేయాలంటే ముందు నెల పదో తారీకు లోపు రద్దు చేయాలి. ఇండియా నుంచి వచ్చిన స్నేహితులుంటే బయర్న్ టికెట్ తీసుకోండి, ఐదుగురి దాకా ఒకే టికెట్ మీద ఒక రోజంతా తిరగొచ్చు. పనిరోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది.

కెమ్నిట్జ్ నుంచి హోఫ్‌లో మారి, రేగెన్స్‌బుర్గ్ మీదుగా మ్యూనిక్‌కు ఆరేడు గంటలు. ఐసీఈ కంటే నిదానం, కానీ పులిహోర, చపాతీలు, పేకముక్కలు ఉంటే ఎక్కడికి పోయిందో తెలీదు.

ఒక హెచ్చరిక. బవేరియాలో కొన్ని రైళ్ళు దారిలో విడిపోతాయి. మ్యూనిక్ నుంచి టేగెర్న్‌జే సరస్సుకు బయలుదేరి మేం వెనక పెట్టెలో కూర్చున్నాం. హోల్ట్స్‌కిర్హెన్‌లో ఒక ముక్క, షాఫ్ట్‌లాఖ్‌లో ఇంకో ముక్క విడిపోతుందని ఎవరికి తెలుసు? మైకులో చెప్పారట, మేం పేకాటలో ఉన్నాం. దిగి చూస్తే లెంగ్‌గ్రీస్. సరస్సు లేదు, ఈజార్ నది ఉంది. సరే అని నది గులకరాళ్ళ మీద కూర్చుని డబ్బాలు ఖాళీ చేశాం, కాళ్ళు నీళ్ళలో పెడితే ఎముకలు కొరికాయి. మా ఫోన్లలో ఎక్కువ ఫొటోలు అక్కడివే. మీకు సరస్సే కావాలంటే బోర్డు మీద 'ఫోర్డరర్ త్సుగ్‌టైల్' అంటే ముందు భాగం, 'హింటరర్ త్సుగ్‌టైల్' అంటే వెనక భాగం, చూసి ఎక్కండి.

వీజ్న్ కాకుండా ఏ ఊళ్ళు చూడాలి?

నా లెక్కలో వీజ్న్‌కు ఒక రోజు, ఊళ్ళకు నాలుగు రోజులు. తిరగేసి చేసినవాళ్ళను చూశాను, జలుబు, ఖాళీ పర్సు తప్ప ఏమీ తెచ్చుకోలేదు.

రేగెన్స్‌బుర్గ్ దారిలోనే ఉంది. డాన్యూబ్ మీద పన్నెండో శతాబ్దపు రాతి వంతెన, దాని పక్కనే పొగ కక్కుతూ పాత సాసేజ్ కొట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో పాత ఊరు పెద్దగా దెబ్బతినలేదు, అందుకే సందులు ఇంకా సందుల్లాగే ఉన్నాయి. మూడు గంటలు చాలు.

రోథెన్‌బుర్గ్‌ను అందరూ ఫొటోల్లో చూసే ఉంటారు, బొమ్మరిల్లు లాంటి ఊరు. స్టైనాఖ్‌లో చిన్న రైలు మారాలి. పగలు టూరిస్టు బస్సులతో కిటకిటలాడుతుంది, సాయంత్రం ఐదు తర్వాత ఖాళీ. కోటగోడ మీద నడవొచ్చు, ఉచితం. నడుస్తుంటే గోడలో పేర్లు చెక్కిన పలకలు కనిపిస్తాయి, జపాన్ వాళ్ళ పేర్లు కూడా. 1945 మార్చి 31న బాంబులు పడి ఊళ్ళో పెద్ద భాగం, కోటగోడలో కొంత కూలిపోయాయి. తిరిగి కట్టడానికి మీటరు లెక్కన డబ్బులిచ్చిన దాతల పేర్లవి. మన గుళ్ళలో మెట్ల మీద, ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లుంటాయి కదా, అలాగే. ష్నేబాల్ అనే గుండ్రటి మిఠాయి అక్కడి ప్రత్యేకత. చూడ్డానికి అందం, తినడానికి ఎండిన పిండి. ఒకటి కొని ఐదుగురు పంచుకోండి, అందులోనూ మిగులుతుంది.

న్యూరెంబర్గ్‌లో రాత్రి ఉన్నాం. చేతి వేలంత సాసేజ్‌లు మూడు పెట్టిన బన్ను తిని, కోట ఎక్కి, నాజీల సభా మైదానం చూడండి.

బాంబెర్గ్ మాత్రం నా ఊరు అనిపించింది. నది మధ్యలో పాత టౌన్ హాల్ ఉంది. బిషప్పు నేల ఇవ్వనంటే ఊరివాళ్ళు పంతం కొద్దీ నీళ్ళలో కట్టుకున్నారని కథ. అక్కడి రౌఖ్‌బీర్, అంటే పొగ బీరు, బీచ్ అనే చెట్టు చెక్క పొగలో ఆరబెట్టిన మాల్ట్‌తో (మొలకెత్తించిన బార్లీ) కాస్తారు. మొదటి గుక్కకు ఎవరో పొయ్యి ఆర్పిన నీళ్ళు పోసినట్టుంటుంది. మూడో గుక్కకు మా అమ్మమ్మ ఊళ్ళో కట్టెల పొయ్యి మీద కాచిన పాలు గుర్తొచ్చాయి, అవీ ఇలాగే పొగచూరి ఉండేవి. అర లీటరు గ్లాసు, వీజ్న్ ధరలో మూడో వంతు కూడా కాదు, పక్కవాడి మాట వినపడేంత నిశ్శబ్దం. ఆ రోజే తీరిగ్గా మాట్లాడుకున్నాం, ఎవరు థీసిస్ ఎక్కడ చేస్తారు, ఎవరు తిరిగి వెళ్ళిపోతారు అని.

నొయ్‌ష్వాన్‌స్టైన్ కోట చూడాలంటే ఫ్యూసెన్‌కు రెండు గంటలు. లోపలికి టైము వేసిన టికెట్ ముందే కొనాలి. మేం వెళ్ళలేదు.

డాఖావ్‌కు వెళ్ళొచ్చా?

వెళ్ళండి, కానీ వీజ్న్ రోజున కాదు. 1933లో నాజీలు తెరిచిన నిర్బంధ శిబిరం, ఇప్పుడు స్మారకం, ప్రవేశం ఉచితం. మ్యూనిక్ నుంచి ఎస్2 లోకల్, అక్కడినుంచి 726 బస్సు. లెదర్ నిక్కర్లతో, సెల్ఫీ స్టిక్‌తో వచ్చినవాళ్ళను చూసి మాకే సిగ్గేసిందని మా సీనియర్ ఒకాయన చెప్పారు.

సాల్జ్‌బుర్గ్ ఆస్ట్రియా కదా, వీసా కావాలా?

ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లోనే ఉంది, జర్మనీ స్టూడెంట్ వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ చాలు. బయర్న్ టికెట్, డాయ్‌చ్‌లాండ్ టికెట్ రెండూ సాల్జ్‌బుర్గ్ స్టేషన్ దాకా చెల్లుతాయి. తిరిగి వచ్చేటప్పుడు సరిహద్దులో పోలీసులు రైలెక్కుతారు, ఒరిజినల్ పాస్‌పోర్ట్, కార్డు దగ్గర ఉండాలి. ఫోన్లో ఫొటో చూపిస్తే కుదరదు.

మ్యూనిక్ రద్దీ వద్దు, ఇలాంటిదే వేరే ఉందా?

స్టుట్‌గార్ట్‌లో కాన్‌ష్టాటర్ ఫోక్స్‌ఫెస్ట్, సెప్టెంబరు చివర్లోనే మొదలవుతుంది. దాని పుట్టుక కథ బాగుంటుంది. ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలిన మరుసటి ఏడు, 1816లో, యూరప్‌లో వేసవి రాలేదు, పంటలు పోయి కరువొచ్చింది. ఆ కరువు గడిచాక 1818లో అక్కడి రాజు రైతుల కోసం పెట్టిన పండగ అది. మధ్యలో పళ్ళు, కూరగాయలతో అలంకరించిన ఎత్తయిన స్తంభం ఇప్పటికీ నిలబెడతారు.

ఆదివారం తిరగొచ్చా?

తిరగొచ్చు, కొనలేరు. సూపర్ మార్కెట్లన్నీ మూత, పెద్ద స్టేషన్లలో మాత్రం కొన్ని తెరిచి ఉంటాయి. శనివారం రాత్రి ఎనిమిదిలోపు పెరుగు, బ్రెడ్డు కొనిపెట్టుకోండి. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయకండి, ఒక్కోదానికి 25 సెంట్లు తిరిగొస్తాయి. మా ఐదు రోజుల సీసాలతో వచ్చే దారిలో ఐదుగురికీ కాఫీ వచ్చింది.

ఇంట్లో చెప్పాలా?

మీ ఇల్లు, మీ ఇష్టం. నేను "జర్మనీ వాళ్ళ తిరునాళ్ళు" అని చెప్పాను, అబద్ధం కాదు. మా నెల్లూరు వాడు ఏమీ చెప్పలేదు. కానీ దయ్యపు చక్రం మీదనుంచి ఎగిరిపడుతున్న వీడియో వాళ్ళ పిన్నికి ఎవరో పంపారు. ఆవిడ అడిగిన మొదటి మాట, "నాన్నా, దెబ్బ తగిలిందా?" రెండో మాట ఆ గ్లాసు గురించి.

గ్లాసు గుర్తుగా తెచ్చుకోవచ్చా?

టెంటులోది సంచిలో వేసుకుంటే దొంగతనం కింద లెక్క, గేటు దగ్గర పట్టుకుంటారు. కావాలంటే బయట దుకాణాల్లో డబ్బిచ్చి కొని, రసీదు దాచుకోండి. మేం ఐదుగురం చందాలు వేసుకుని ఒకటి కొన్నాం. మా హాస్టల్ వంటగదిలో ఉంటుంది. సరిగ్గా లీటరు గీత ఉంది కాబట్టి బియ్యానికి ఎసరు కొలవడానికి పనికొస్తోంది, ఎండాకాలంలో మజ్జిగకు.